పాతిక ఎకరాల ప్రాకారం లోపల ఒక రాత్రి బస

శ్రోతలకు నమస్కారం.

వేల్స్ ఉత్తర తీరంలో కాన్వి అని ఒక చిన్న ఊరుంది. చుట్టూ రాతి ప్రాకారం, ఒక మూల కోట, తూర్పున ఏరు సముద్రంలో కలిసే మొగ. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు వేల్స్‌ను గెలిచాక 1283లో పని మొదలుపెట్టించి, 1287 నాటికి కోటనూ గోడనూ దాదాపు పూర్తి చేయించాడు. అంతకుముందు అక్కడ ఒక క్రైస్తవ మఠం ఉండేది. సన్యాసుల్ని నది వెంట ఎగువకు, మేనన్ అనే చోటికి పంపేసి, ఆ స్థలంలో తనవాళ్లను కాపురం పెట్టించాడు. మఠం చర్చి మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఊరి నడిబొడ్డున అదే చర్చి. గోడ చుట్టుకొలత 1.3 కిలోమీటర్లు, దాని మీద 21 బురుజులు, పాత ద్వారాలు మూడు. లోపలున్న నేల పది హెక్టార్లు, మన లెక్కలో పాతిక ఎకరాలు. 1986లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పగలు వచ్చి చూసి పోయేవాళ్లకు ఇది చక్కని ఊరు. రాత్రి ఉండేవాళ్లకు ఇంకా చక్కని ఊరు, కాకపోతే కొంచెం తెలుసుకుని వెళ్లాలి. లోపల చోటు పెరగదు. పాత ఇళ్లను చట్టం మారనివ్వదు. చారిత్రక భవనాల జాబితాలోకి ఎక్కిన ఇంటికి కిటికీ మార్చాలన్నా గోడకు పెద్ద రంధ్రం కొట్టాలన్నా ముందు అనుమతి కావాలి, లేకుండా చేస్తే అది నేరం. కాబట్టి లిఫ్టు ఎందుకు లేదని ఇంటాయన్ని నిలదీసి లాభం లేదు.

అలాంటి ఊళ్లో ఇన్ని బస ఇళ్లు ఎందుకొచ్చాయంటే, లండన్ నుంచి ఐర్లండ్ ఓడ ఎక్కేవాళ్ల దారుల్లో ఇదొకటి కాబట్టి. 1826లో టెల్ఫోర్డ్ అనే ఇంజనీరు గొలుసుల వంతెన కట్టేదాకా ఇక్కడ నదిని పడవ మీద దాటాలి. పోటు, గాలి అనుకూలించకపోతే ఒడ్డున ఆగాల్సిందే. ఆగినవాళ్లకు కూడూ పడకా కావాలి కదా. కాసిల్ స్ట్రీట్ మూలన ఉన్న అబెర్‌కాన్వి హౌస్, 15వ శతాబ్దం తొలినాళ్ల వర్తకుడి ఇల్లు, విక్టోరియా రాణి కాలంలో మద్యం అమ్మని హోటలుగా నడిచింది. అదే తరహాలో ఇవాళ్టి గెస్ట్‌హౌస్‌లు చాలావరకు ఒకప్పటి నివాసాలే. హోటలు కోసం కట్టిన ఇళ్లు కావు.

గది బుక్ చేసేటప్పుడు ప్రకటనలోని మాటల్ని కాస్త మన భాషలోకి దించుకోవాలి. ‘కోజీ’ అంటే గది చిన్నది. ‘క్యారెక్టర్’ అంటే నేల ఒక పక్కకు వాలి ఉంటుంది, దూలం తలకు తగలొచ్చు. ‘ఆన్‌స్వీట్’ అంటే స్నానాలగది మీ గదిలోనే. ‘ప్రైవేట్ బాత్రూమ్’ అంటే మీ ఒక్కరిదే కానీ నడవా దాటి వెళ్లాలి, తాళంచెవి చేతిలో పట్టుకుని. ఈ రెంటికీ తేడా తెలియక అర్ధరాత్రి కంగారుపడేవాళ్లు ఎక్కువ. ఇక ‘సముద్రం కనిపించే గది’. అది నిజమే, సగం రోజు. ఇక్కడ ఆటుపోట్ల తేడా పెద్దది, అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో ఏడు మీటర్ల దాకా ఉంటుంది. ఆటులో కిటికీలోంచి కనిపించేది బురద, బురదలో ఒరిగిన పడవలు. అదీ అందమే, కానీ దానికి అదనపు డబ్బు కట్టాలా అన్నది మీ ఇష్టం. నీళ్లు నిండుగా చూడాలంటే పోటు వేళల పట్టిక చూసుకోండి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు.

ఇంటివాళ్లను ముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గది ఎన్నో అంతస్తు, మెట్లు ఎన్ని, మలుపులున్నాయా? కిటికీ వీధివైపా, రైలువైపా? రైలు పట్టాలు కోటగోడ పక్కనుంచే వచ్చి ప్రాకారం లోపలే స్టేషన్‌కు చేరతాయి, అందుకే ఈ ప్రశ్న. మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో వెళ్తుంటే కింది అంతస్తు గదే కావాలని బుకింగ్ నాడే తేల్చుకోవాలి, అలాంటి గది చాలా ఇళ్లలో ఒక్కటే ఉంటుంది. విమానంలో తెచ్చిన ఇరవై మూడు కిలోల పెద్ద పెట్టె ఆ మెట్ల మలుపులో తిరగదు. రెండు చిన్న సంచులుగా సర్దుకోవడం మేలు. సెప్టెంబర్ 13న తేనె సంత జరుగుతుంది, ఎడ్వర్డు కాలం నుంచీ ఉన్న ఆచారమంటారు. ఆ రోజుల్లో గది కావాలంటే చాలా ముందే మాట్లాడుకోవాలి. కిటికీలో ‘గ్వెలీ ఆ బ్రెక్‌వాస్ట్’ అని బోర్డు కనిపిస్తే కంగారుపడకండి, వెల్ష్‌లో పడక, ఉదయం ఫలహారం అని దాని అర్థం. పక్కనే ‘దిమ్ శ్లే’ అని ఉంటే గదులు ఖాళీ లేవు.

కారులో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ద్వారాలు గుర్రపుబండ్ల కాలానివి, వీధులు ఇరుకు, చాలాచోట్ల ఒకే దిశలో పోవాలి. సామాను దింపుకునేంతసేపు ఇంటి ముందు ఆపుకోవచ్చేమో ఇంటివాళ్లను అడగండి. తర్వాత బండిని గోడ బయట పెట్టాలి. మౌంట్ ప్లెజెంట్, మోర్ఫా బాహ్ అని బయట పార్కింగులున్నాయి. రాత్రంతా ఉంచడానికి వీలుందో లేదో, రుసుము ఏ వేళలకు వర్తిస్తుందో బోర్డు మీద చదివాకే బండి దిగి రండి.

ఇప్పుడు అసలు సంగతి, స్నానాలగది. మనవాళ్లు పొరపడేది ఇక్కడే. ఆ గది నేలలో నీళ్లు పోయే తూము ఉండదు. తొట్టి బయట నిలబడి చెంబుతో పోసుకుంటే ఆ నీరు చెక్కల సందుల్లోంచి దిగి, కింది గది కప్పుకు చేరుతుంది. పాత ఇళ్లలో ఆ కప్పు సన్నని కర్రబద్దల మీద సున్నం మెత్తి చేసింది. తడిస్తే పెచ్చులూడి పడుతుంది. కాబట్టి స్నానం తొట్టి లోపలే, తెర అంచు తొట్టి లోపలికి వేసుకుని. పై అంతస్తుల్లో మరుగుదొడ్డి వెనక చిన్న తెల్ల పెట్టె ఉంటే అది మలాన్ని నూరి సన్నని గొట్టంలోంచి తోసే పంపు. పాత గోడకు పెద్ద గొట్టం దూర్చలేక పెట్టుకున్న ఉపాయం. నీళ్లు వదలగానే కొన్ని క్షణాలు గరగరమంటుంది, భయం లేదు. అందులో కాగితం తప్ప మరేదీ వేయకూడదు. తడి తుడుపు గుడ్డ ఒక్కటి పడినా రేకులకు చుట్టుకుని ఆగిపోతుంది, ఇక ఆ రోజుకు ఆ గది పనికిరాదు.

కరెంటు షవరు ఉంటే, గది కప్పు నుంచి వేలాడే తాడు లాగాలి. చిన్న ఎర్రదీపం వెలిగితేనే పనిచేస్తుంది. పూర్తిగా ఎర్రగా ఉండే తాడు వేరు, అది సహాయం కోసం మోగే గంట. ఈ షవరు నీటిని నిల్వ చేయదు, పోతున్న నీటినే వేడి చేస్తుంది. చలికాలంలో గొట్టంలోని నీరే చల్లగా వస్తుంది కనుక ధార ఎంత పెంచితే వేడి అంత తగ్గుతుంది. సన్నగా వదులుకుంటే చాలు. నీళ్లు పెద్ద సిలిండర్‌లో కాగే ఇళ్లలో ఇబ్బంది ఇంకో రకం. ఫలహారానికి ముందు అందరూ ఒకేసారి స్నానానికి దిగుతారు, చివరివాళ్లకు చన్నీళ్లే. రాత్రి చేసేయండి, లేదా ఏడులోపు.

కిటికీలు పైకి నెట్టే రకం. రెండు చేతులతో, రెండు పక్కలా సమంగా ఎత్తాలి. ఒక మూల ఎత్తితే వాలి బిగుసుకుంటుంది. చట్రం లోపల బరువు కట్టిన తాళ్లుంటాయి, అవి తెగి ఉంటే అద్దం ధబ్బున కిందికి జారుతుంది. వేళ్లు కిటికీ అడుగు చట్రం మీద పెట్టకండి. చలికి లోపలివైపు మరో అద్దం పలక బిగించి ఉంటారు, దాన్ని పక్కకు జరిపాకే అసలు కిటికీ అందుతుంది. తడిబట్టలు గదిని వేడిచేసే రేడియేటర్ మీద ఆరేస్తే ఆవిరంతా రాతిగోడకు పట్టి చెమ్మవుతుంది. ఆరేసే చోటు ఇంటివాళ్లనే అడగండి. ఆ రేడియేటర్ వేడిని రాత్రి పదకొండు ప్రాంతంలో ఆపేసి తెల్లవారుజామున మళ్లీ వదిలే పద్ధతి ఎక్కువ. అదనపు దుప్పటి బీరువాలోనే ఉంటుంది, ముందే చూసి పెట్టుకోండి. జూన్‌లో మాత్రం దుప్పటి కంటే తెర ముఖ్యం. అయిదింటికల్లా సూర్యోదయం, దానికంటే ముందే ఇంటి పొగగొట్టాల మీద గూళ్లు కట్టుకున్న సీగల్ పక్షుల అరుపులు. చెవుల్లో పెట్టుకునే దూది బిరడాలు తీసుకెళ్లినవాళ్లు తెలివైనవాళ్లు.

మన ప్లగ్గులు ఆ గోడకు సరిపోవు, మూడు దీర్ఘచతురస్రపు పుల్లల అడాప్టర్ కావాలి. గోడ మీద మీట నొక్కడం మరచిపోతే కెటిల్ వేడెక్కదు. స్నానాలగదిలో గడ్డం గీసే మిషను ప్లగ్గు తప్ప మరొకటి ఉండదు. అగరొత్తులు వెలిగించకండి. పాత ఇంట్లో పొగ పసిగట్టే యంత్రం ఒక్కటి మోగితే ఇంటిల్లిపాదీ వీధిలో నిలబడాలి. తలుపు దానంతటదే మూసుకుంటోందని కాలిజోడు అడ్డం పెట్టడం కూడా తప్పే, మంటలు మెట్లదాకా రాకుండా ఆపేది ఆ తలుపే.

ఫలహారం సాధారణంగా ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య. శాకాహారులైతే బుకింగ్ నాడే చెప్పి, మర్నాటి కోసం ముందురోజు రాత్రి ఇంకోసారి గుర్తు చేయాలి. ‘లేవర్‌బ్రెడ్’ అన్న పేరు చూసి రొట్టె అనుకుంటారు. అది ఉడికించిన సముద్రపు నాచు, ఓట్ పిండితో కలిపి తరచు పంది కొవ్వులో వేయిస్తారు. నాచు శాకమే, పెనం కాదు. ‘బ్లాక్ పుడింగ్’ పంది నెత్తురుతో చేసేది. ‘గ్లామోర్గన్ సాసేజ్’ మాత్రం చీజ్, లీక్ ఉల్లి, రొట్టెపొడి కలిపిన శాకాహారం, అందులో గుడ్డు వాడతారు, అదీ పనికిరానివాళ్లు అడగండి. మాంసాహారులకు ఊరి సొంత సరుకు ఉండనే ఉంది, మొగలోని మసెల్స్ అనే ఆల్చిప్పలు. చిన్న పడవల మీంచి పొడవాటి పళ్లకర్రలతో గీరి తీస్తారు, కాలం చలి నెలలు.

పర్యాటకుల బస్సులు రాకముందే గోడ మీద నడవండి, రుసుము లేదు. అప్పర్ గేట్ అనే పాత ద్వారం దగ్గర ఎక్కితే ఊరంతా కాళ్ల కింద. గోడ పొడవునా నడవలేం, అక్కడక్కడా దిగి మళ్లీ ఎక్కాలి. వానపడితే మెట్లు జారతాయి, పిల్లల చెయ్యి వదలకండి. బురుజుల్ని గమనిస్తే ఊరివైపు వెనక గోడ ఉండదు. గోడ మీది నడవాకు అప్పట్లో ఆ ఖాళీలో చెక్కపలకలే వంతెన. శత్రువు గోడెక్కితే పలకలు లాగేస్తే చాలు, ఆ ముక్కలోనే చిక్కుకుపోతాడు. మిల్ గేట్ దగ్గర గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన పన్నెండు రాతి గూళ్లు వరసగా కనిపిస్తాయి. అవి అలంకారం కాదు, పక్కనే పనిచేసిన రాజోద్యోగుల మరుగుదొడ్లు. ఇరుకు స్నానాలగది మీద విసుక్కుంటున్నవాళ్లు ఒకసారి వీటి కింద నిలబడి చూడాలి.

గది పదింటికో పదకొండింటికో ఖాళీ చేయాలి, రైలు దానికి తర్వాత ఉంటే సంచులు కింద పెట్టుకోనిస్తారు. లండన్ యూస్టన్ నుంచి వచ్చే పెద్ద రైళ్లు లాన్‌డిడ్నో జంక్షన్‌లో ఆగుతాయి, దాదాపు మూడు గంటల ప్రయాణం, అక్కడినుంచి వంతెన మీదుగా నడిచినా రావచ్చు. ఊళ్లోని కాన్వి స్టేషన్‌ది వేరే పద్ధతి, అడిగితేనే ఆపుతారు. వచ్చేటప్పుడు గార్డుకు ముందే చెప్పి, పొట్టి ప్లాట్‌ఫారానికి ఏ పెట్టె అందుతుందో కనుక్కుని అందులో కూర్చోవాలి. వెళ్లేటప్పుడు బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తే రైలు మీ ముందునుంచే వెళ్లిపోతుంది. ప్లాట్‌ఫారం మీద డ్రైవరుకు కనిపించేలా నిలబడి, రైలు దూరాన ఉండగానే చెయ్యి ఎత్తండి.