తలుపు ఎందుకు కొట్టుకుంటోంది?

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

నేను తొమ్మిదో తరగతికి సాంకేతికత, రూపకల్పన బోధిస్తాను. ఈ రోజు మీకు ఒక తలుపు కథ చెబుతాను. మా తరగతి గది తలుపు గాలి వీచినప్పుడల్లా దభాలున కొట్టుకునేది. పిల్లలు ఉలిక్కిపడేవారు, పాఠం ఆగిపోయేది. ఒక రోజు ఆ తలుపునే పాఠంగా పెట్టుకుందామన్నాను. అరనిమిషంలో జవాబు వచ్చేసింది: "చెక్కముక్క అడ్డం పెడదాం టీచర్!"

ఆలోచన మంచిదే. అయితే అప్పటికి ఎవరూ ఆ తలుపును సరిగ్గా చూసింది లేదు. వారం రోజులు ఏమీ తయారు చేయవద్దు, గమనించి రాసుకోండి అన్నాను. వాళ్లు తెచ్చిన కాగితాలు చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఎదురుగోడకు ఉన్న రెండు కిటికీలూ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడే తలుపు కొట్టుకుంటోంది. చెక్కముక్క పెట్టడం అంతకుముందే ఒకసారి అయింది. ఎవరి కాలో తగిలి అది గది మూలకు చేరింది. చూపు మందగించిన ఒక అమ్మాయి, నేల మీద ఏ వస్తువు పెట్టినా తనే మొదట కాలు తగిలి పడతానని చెప్పింది. వరండాలో గోల ఎక్కువ కాబట్టి తలుపు తెరిచి ఉంచేయడమూ కుదరదని మరొకరు గుర్తుచేశారు. అలా మొదట నల్లబల్ల మీద రాసుకున్న "తలుపును ఆపాలి" అన్న వాక్యాన్ని చెరిపేశాం. "ఎవరి కాలికీ అడ్డం రాకుండా, చప్పుడు లేకుండా తలుపు మూసుకోవాలి" అని రాసుకున్నాం.

ఆ వాక్యం మారడానికి పట్టిన వారమే ఆ పాఠమంతటిలోనూ విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను. గణితంలో ఇచ్చినవి ఏవో, కనుక్కోవలసింది ఏదో ముందే రాసి ఉంటాయి. రూపకల్పనలో ఆ రెండింటినీ మనమే వెతుక్కోవాలి. కొన్ని సమస్యల్లో నిర్వచనాన్నీ పరిష్కారాన్నీ విడదీయలేమని 1973లో రూపకల్పన సిద్ధాంతకారుడు హోర్స్ట్ రిట్టెల్, నగర ప్రణాళికా పండితుడు మెల్విన్ వెబర్ రాశారు. వాళ్ల దృష్టిలో ఉన్నవి నగర ప్రణాళిక, సామాజిక విధానాల వంటి పెద్ద విషయాలు. ఒక తరగతి గది తలుపు దగ్గర కూడా పిల్లలకు ఆ అనుభవం దొరుకుతుంది.

తర్వాత చేతిపని మొదలైంది. ఒక బృందం ద్వారబంధానికి రబ్బరు పట్టీ అంటించింది. చప్పుడు ఆగింది, దాంతోపాటు గడియ పడడమూ ఆగింది. పట్టీ మందం 6 మిల్లీమీటర్లు, సందు 3 మిల్లీమీటర్లు. స్కేలు పట్టడం వాళ్లకు ఎప్పటినుంచో వచ్చు, కానీ అంటించే ముందు కొలవాలని ఎవరికీ తోచలేదు. రెండో బృందం పలుచని పట్టీనే తీసుకుంది గానీ కీలు పక్కన అంటించింది. రెండు రోజుల్లో అది నలిగి చిరిగిపోయింది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. తలుపును ముందు గడియ దగ్గర, ఆ తర్వాత కీలు దగ్గర ఒక్క వేలితో నెట్టి చూడమన్నాను. కీలు దగ్గర వేలు నొప్పి పుట్టింది. భౌతికశాస్త్రంలో బలభ్రామకం (కీలుకు దగ్గరయ్యే కొద్దీ తలుపును తిప్పడానికి ఎక్కువ బలం కావాలని, అక్కడ ఒత్తిడి కూడా ఎక్కువని చెప్పే సూత్రం) అధ్యాయం ఇంకా నాలుగు వారాల దూరంలో ఉంది. నేను దాన్ని ఆ రోజే, ఆ తలుపు పక్కనే నిలబడి చెప్పాను. అంత శ్రద్ధగా విన్న తరగతిని నేను అరుదుగా చూశాను.

చివరికి పలుచని పట్టీ గడియ వైపు పై మూలకు చేరింది. ఒక కిటికీ సగానికి మించి తెరుచుకోకుండా కొక్కెం కూడా పెట్టారు. ఆ కొక్కెం ఆలోచన నాకు తట్టనే లేదు.

ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. అంతకుముందు చాలా ఏళ్లు నేను మొదట ఒక నమూనా చూపించి, ఇలాంటిది చేయండి అనేదాన్ని. ముప్పై మంది ముప్పై నకళ్లు తెచ్చేవారు. డేవిడ్ జాన్సన్, స్టీవెన్ స్మిత్ 1991లో ప్రచురించిన పరిశోధన చదివాక నాకు కారణం అర్థమైంది. వాళ్ల ప్రయోగాల్లో నమూనా చూసిన ఇంజనీరింగ్ విద్యార్థులు, చూడనివారి కంటే ఎక్కువగా ఆ నమూనాలోని లోపాలను కూడా తమ బొమ్మల్లోకి తెచ్చుకున్నారు. అప్పటినుంచి పిల్లలు తమ సొంత ఆలోచనలు కాగితం మీద పెట్టాకే ఇతరుల పరిష్కారాలు చూపిస్తున్నాను.

అలాగని అంతా పిల్లలే కనిపెట్టుకోవాలని నేను అనను. రంపం పట్టే తీరు, టంకం వేసే పద్ధతి, ప్రోగ్రాములో తప్పు వెతికే క్రమం మనం దగ్గరుండి చేసి చూపించాల్సినవే. వాటిని తడుముకుంటూ నేర్చుకోమంటే వేళ్లు కాలుతాయి, ఉత్సాహం చల్లారుతుంది.

మార్కుల సంగతి నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. సమస్య, పరిశోధన, మూడు ప్రత్యామ్నాయాలు, ఎంపిక, తయారీ, మూల్యాంకనం అని వరుస గీసి, ఒక్కో గడికి ఇన్ని మార్కులని పెడతాం. వస్తువు తయారయ్యాక ఆ మూడు ప్రత్యామ్నాయాల బొమ్మలను తీరిగ్గా వేసే పిల్లలను నేను చూశాను. వాళ్లను తప్పుపట్టలేం, మనం అడిగిందే ఇచ్చారు. ఇంగ్లండులో 1980ల చివర విద్యా పరిశోధకుడు రిచర్డ్ కింబెల్ బృందం వేల మంది 15 ఏళ్ల విద్యార్థుల పనిని పరిశీలించింది. ఆలోచన, చేతిపని ఒకదాన్నొకటి ముందుకు నెట్టుకుంటూ సాగుతాయని, నిలువు మెట్ల వరుస ఆ తీరును పట్టుకోలేదని తేల్చింది. మా తరగతిలో చిరిగిన ఆ రబ్బరు పట్టీని నేను నోటు పుస్తకంలోనే అంటించమన్నాను. ఎందుకు చిరిగిందో దాని కింద రాసిన నాలుగు వాక్యాలకే ఎక్కువ మార్కులు వేశాను.

చివరగా ఒక విన్నపం. మా టైంటేబులులో ఈ విషయానికి వారంలో రెండు వేర్వేరు రోజుల్లో 40 నిమిషాల చొప్పున ఉండేది. పనిముట్లు తీసి, మళ్లీ సర్దేసరికే సగం సమయం పోయేది. జిగురు ఆరకముందే గంట కొట్టేవారు. రెండు పీరియడ్లనూ పక్కపక్కన వేయమని ప్రధానోపాధ్యాయురాలిని అడిగాం. ఆమె ఒప్పుకున్న మొదటి వారంలోనే ఆ రెండో పట్టీ ఎందుకు చిరిగిందో తేల్చుకోగలిగాం. కొత్త పరికరాల జాబితా పంపే ముందు మీ పాఠశాలలో ఆ 80 నిమిషాలు అడగండి.