‘వద్దు బ్రో’ సరే... ‘రా బ్రో’ అనేదెవరు?

ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు. మన ఆంధ్రా ప్రభుత్వం గోడల మీద, ఫ్లెక్సీల మీద, టీషర్టుల మీద ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అని ప్రచారం వేసింది కదా, అది సగం మాట. తప్పు మాట అనడం లేదు, సగం మాట అంటున్నా. వద్దు బ్రో అన్నావు, బాగుంది. మరి సాయంత్రం ఐదింటికి వాడు ఎక్కడికి పోవాలి బ్రో? వాడిని ‘రా బ్రో’ అని పిలిచేవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు, గంజాయి అమ్మేవాడు. వాడికి ఫ్లెక్సీ లేదు, బడ్జెట్ లేదు, ర్యాలీ లేదు, అయినా రోజూ టైముకొస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు, మొదటిసారి డబ్బులు కూడా అడగడు.

ఇవాళ్టి వీడియో మొత్తం ఈ ఒక్క ముక్క మీదే.

తెనాలి వీడియో మీరందరూ చూసిందే. 2025 మేలో బయటికొచ్చింది, ముగ్గురు కుర్రాళ్లని నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద లాఠీతో కొట్టడం. కానిస్టేబుల్ మీద దాడి చేశారు, గంజాయి బ్యాచ్, పాత కేసులున్నాయి అని పోలీసుల మాట. నేరం చేస్తే కోర్టుంది, రోడ్డు మీద శిక్షేంటి అని అవతలివాళ్ల మాట. వైసీపీ అధినేత జగన్ వెళ్లాడు, పది రోజులు టీవీల్లో అదే గోల, కామెంట్లలో మీరూ మీరూ కొట్టుకున్నారు. నా వరకు నాకు, రోడ్డు మీద కొట్టడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పది రోజుల్లో ఒక్క యాంకరైనా, ఒక్కడంటే ఒక్కడు, ‘అసలు ఇలాంటి కుర్రాళ్లు పద్నాలుగేళ్ల వయసులో సాయంత్రాలు ఎక్కడ గడిపారు’ అని అడిగాడా? లాఠీ గురించి డిబేట్ పెడితే రేటింగ్ వస్తుంది. వాలీబాల్ నెట్ గురించి పెడితే మా అమ్మ కూడా చానల్ మార్చేస్తుంది.

సరే, మా వీధిలో సంగతి చెప్తా. ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. టిఫిన్ బండి నడిపే ఒకావిడ, కొడుకు ఇంటర్ రెండో ఏడు. ఓ ఆదివారం వాడి ప్యాంటు ఉతుకుతుంటే జేబులో అగ్గిపెట్టె కంటే పల్చటి ప్యాకెట్టు, లోపల ఉల్లిపొరలాంటి కాగితాలు. అవి గంజాయి చుట్టుకునే కాగితాలని ఆవిడకేం తెలుసు? కాలేజీలో ఏదో లెక్కలకి వాడతారేమో అనుకుని, తడిసినవాటిని విడదీసి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ సర్ది వాడి పుస్తకాల మీద పెట్టింది. పిల్లాడి వస్తువు పాడవకూడదని! ఇది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వింది, ఆ నవ్వు చూసి నాకు నోట మాట రాలేదు.

విషయం తెలిశాక ఏం చేసిందో తెలుసా? నాలుగు నెలలు దాచింది. భర్తకి చెప్పలేదు, చెప్తే చంపేస్తాడని. కాలేజీలో చెప్పలేదు, టీసీ చేతిలో పెడతారని. స్టేషన్ పేరెత్తితేనే భయం. ‘కేసంటూ రాస్తే వీడికి ఉద్యోగం రాదు, దీనికి సంబంధం రాదు’ అని పక్కనున్న కూతుర్ని చూపించింది. తల్లి దాచినన్నాళ్లూ వాడు ముదిరాడు. నేను చెప్పేది అదే, మన ప్రచారం మొత్తం కుర్రాణ్ణి భయపెట్టడానికి తయారు చేశారు, కుర్రాడు భయపడలేదు, వాళ్లమ్మ భయపడింది.

ఇప్పుడు ఈ ముక్క జాగ్రత్తగా వినండి, వాట్సాప్‌లో పంపాల్సింది ఇదే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అదే ఈ గంజాయి కేసుల చట్టం, అందులో సెక్షన్ 64ఎ అని ఉంది. అమ్మేవాడికి కాదు, వాడకం కేసులోనో తక్కువ పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రికో ప్రభుత్వ గుర్తింపున్న డీఅడిక్షన్ సెంటర్‌కో వెళ్లి చికిత్స తీసుకుంటే, ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో ఎగ్గొడితే రక్షణ పోవచ్చు, అంతే. కేంద్రం హెల్ప్‌లైన్ 14446 ఉంది. రాష్ట్రంలో డ్రగ్స్ కేసులు చూసే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1972 ఉంది, కానీ చూడండి, జనం బుర్రలో 1972 అంటే ‘పట్టించే నంబర్’. పక్కింటోణ్ణి పట్టించడానికి ఫోన్ చేస్తారు, సొంత కొడుకు కోసం చేస్తారా? ఫ్లెక్సీ మీద జైలు బొమ్మ వేసే బదులు, ‘అమ్మా, మీ అబ్బాయిని తీసుకురా, చికిత్సకొస్తే చట్టమే కాపాడుతుంది’ అని పెద్దక్షరాలతో వేస్తే ఏం పోయింది? ఆవిడ నాలుగు నెలలు కాదు, నాలుగు రోజులు దాచేది.

ఇక ‘రా బ్రో’ దగ్గరికి వద్దాం. ఐస్‌లాండ్! అవును, మంచు దేశం, నవ్వండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు నెలలో తాగి తూలినవాళ్లు 42 శాతం. 2016కి అది 5 శాతం. గంజాయి ఒక్కసారైనా రుచి చూసినవాళ్లు 17 నుంచి 7కి పడ్డారు. రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 నుంచి 3కి. ఏం చేశారయ్యా అంటే, మత్తు వల్ల ఏమవుతుందో పిల్లలకి క్లాసు పీకడం మీద నమ్మకం తగ్గించుకుని, సాయంత్రాల మీద పడ్డారు. ఆటలు, సంగీతం, డాన్సు క్లబ్బులకి డబ్బు పెట్టారు. రాజధాని రేక్యవిక్‌లో ప్రతి పిల్లాడి పేరు మీద ఏడాదికింతని ఒక కార్డు ఇచ్చారు, ఆ డబ్బు ఆటకో పాటకో తప్ప ఇంకోదానికి వాడటానికి లేదు. పేదింటి పిల్లాడు కూడా ఫుట్‌బాల్ కోచింగ్‌కి పోగలిగాడు.

అన్నిటికంటే నాకు నచ్చిందేంటంటే తల్లిదండ్రుల ఒప్పందం. ఒకే క్లాసు పిల్లల తల్లిదండ్రులంతా కూర్చుని, పిల్లలు రాత్రి ఎన్నింటికి ఇంట్లో ఉండాలో మాట్లాడుకుని సంతకాలు పెడతారు. దాంతో ‘అందరి ఇళ్లలో ఒప్పుకుంటున్నారు, నువ్వే ఒప్పుకోవు’ అనే డైలాగు, మనం మన అమ్మల దగ్గర వందసార్లు కొట్టిన డైలాగు, చచ్చిపోయింది! మన దగ్గర 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అని రాష్ట్రమంతా ఒకేరోజు పెట్టారు. అంతమంది తల్లిదండ్రులు ఒకచోట చేరారే, వాళ్లలో ఎంతమంది తన కొడుకు పక్కన కూర్చునే పిల్లాడి అమ్మ ఫోన్ నంబర్ తీసుకుని ఉంటారు? మార్కులు, భోజనం, ముగ్గుల పోటీ, ఫొటో. అయిపోయింది.

‘అన్నా, ఐస్‌లాండ్‌లో ఉన్నది నాలుగు లక్షల లోపు జనం, మన గుంటూరు కంటే తక్కువ, వాళ్లతో మనకి పోలికేంటి’ అంటారు, నాకు తెలుసు. సరే, మంచు వదిలేయండి, రంగారెడ్డి జిల్లాకి రండి. బాల కార్మికుల్ని బడికి తెచ్చే ఎం.వి. ఫౌండేషన్ పని 1991లో మొదలైంది అక్కడే. దాన్ని పెట్టింది శాంతా సిన్హా గారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేశారు, 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పేదవాళ్లు కాబట్టి పిల్లల్ని పనికి పంపుతారు, ఏం చేస్తాం అని ఊరంతా చేతులెత్తేసిన రోజుల్లో ఆ మాటే మేం ఒప్పుకోం అన్నారు వాళ్లు. బడి బయట ఉన్న ప్రతి పిల్లాడూ బాల కార్మికుడే అన్నారు. కరపత్రాలు పంచి ఊరుకోలేదు. అదే ఊరి చదువుకున్న కుర్రాళ్లు గడప గడపకీ తిరిగారు, తల్లిదండ్రులతో, పనిలో పెట్టుకున్న ఆసాములతో మాట్లాడారు, ఒకసారి కుదరకపోతే మళ్లీ వెళ్లారు. పిల్లల్ని పనిలోంచి తెచ్చి, పోయిన చదువు అందుకునే బ్రిడ్జి క్యాంపుల్లో కూర్చోబెట్టి, వయసుకి తగ్గ క్లాసులో చేర్చేదాకా వదల్లేదు. చూశారా, అక్కడా ఇల్లు, ఇక్కడా ఇల్లే. పిల్లాణ్ణి ఒక్కణ్ణే పట్టుకుని కౌన్సెలింగ్ ఇచ్చి పంపిస్తే వాడు తిరిగి వెళ్లేది అదే సందుకి, అదే గోడ దగ్గరికి.

గోడ అంటే గుర్తొచ్చింది. మా హైస్కూల్ గ్రౌండ్‌కి గేటుంది, సాయంత్రం తాళం పడిపోతుంది. ఎందుకయ్యా అని అడిగితే ‘కుర్రాళ్లొచ్చి పాడు చేస్తున్నారు’ అన్నారు. లోపల గడ్డి మోకాలెత్తు, వాలీబాల్ స్తంభాలు రెండున్నాయి, నెట్ లేదు. బయట ప్రహరీ గోడ మీద వరసగా ఏడుగురు కుర్రాళ్లు, ఒకే ఫోన్‌లోకి చూస్తూ. లోపలికి రానివ్వలేదు కాబట్టి వాళ్లు గోడ మీద ఉన్నారు, గోడ మీద ఉన్నారు కాబట్టి వాళ్లు వెధవలు, వెధవలు కాబట్టి లోపలికి రానివ్వరు! ఇదీ మన లాజిక్కు.

పీఈటీ సారుకి సాయంత్రం రెండు గంటలకి అదనంగా డబ్బులిచ్చి, ఒక లైటు, ఒక నెట్టు, రెండు బంతులు ఇస్తే ఎంతవుతుంది? ఒక్క ర్యాలీకి కట్టిన ఫ్లెక్సీల ఖర్చుతో మొదలుపెట్టి చూపించండి, తర్వాత నన్ను తిట్టండి. గంజాయి ఆటలతో పోతుందా, అమ్మేవాళ్లని పట్టుకోవద్దా అని మొదలుపెట్టకండి, పట్టుకోండి, బాగా పట్టుకోండి, నేను వద్దన్నానా?

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. మీ ఊరి హైస్కూల్ గ్రౌండ్ గేటుకి ఎన్నింటికి తాళం పడుతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఊరి పేరుతో కామెంట్ పెట్టండి. మాది నాలుగున్నర. తాళంచెవి ఎవరి దగ్గరుందో మూడు రోజులుగా అడుగుతున్నా, ఇంకా ఎవరూ చెప్పలేదు.