రాయి కనిపించింది, ఇప్పుడేం చెయ్యాలి? హైదరాబాద్ నుంచి ఫాసిల్ వాక్‌కి వెళ్లేవాళ్ల కోసం

నమస్తే అండీ. ఫాసిల్ వాక్‌కి, అంటే గ్రూప్‌గా శిలాజాలు వెతుకుతూ నడవడానికి వెళ్లారు, నడుస్తున్నారు, కాళ్ల దగ్గర ఏదో కనిపించింది. ఇదేదో శిలాజంలా ఉందే అనిపించింది. సరే, అక్కడ్నుంచి ఒక పావుగంట. ఆ పావుగంటలో మీరేం చేశారన్న దాన్ని బట్టే అది పనికొచ్చే శిలాజమా, ఇంట్లో షోకేస్‌లో రాయా అన్నది తేలిపోతుంది. ఈ వీడియో మొత్తం ఆ పావుగంట గురించే.

ముందు టేబుల్ మీదకి రండి. ఐదు రాళ్లు పెట్టాను. ఎక్కడైనా సైన్స్ డేకి "మీ రాయి తెండి, చూసి చెప్తాం" అని టేబుల్ వేస్తే వచ్చే రకాలివి.

మొదటిది ఇదిగో. గుండ్రంగా, నున్నగా, అచ్చం గుడ్డులా ఉంది. గ్రానైట్ అండీ. మన సిటీ కింద ఉన్నది చాలావరకు ఇదే. గచ్చిబౌలి గుట్టలు, గోల్కొండ కింద బండ, మౌలాలి గుట్ట, అన్నీ. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగిన రాయి చల్లబడి గట్టిపడితే వచ్చింది. కరిగిన రాయిలో ఎముకా మిగలదు, ఆకూ మిగలదు. కాబట్టి సిటీలో గ్రానైట్ గుండు ఎంత గుండ్రంగా ఉన్నా డైనోసార్ గుడ్డు కాదు. మూలలు అరిగి, పైన పెచ్చులు ఊడి అలా అయ్యింది, అంతే.

రెండోది, నల్లది, ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంది. బసాల్ట్, అంటే లావా గట్టిపడిన రాయి. వికారాబాద్ వైపు ఇవి బోలెడు. ఇదీ గుడ్డు కాదు. గుడ్డైతే పైన కొన్ని మిల్లీమీటర్ల పెంకు, లోపల వేరే రకం మట్టిరాయి ఉండాలి. ఇక్కడ చూడండి, పొర తీస్తే పొర, లోపలి దాకా అదే రాయి.

మూడోది అందరినీ మోసం చేసేది. ఫర్న్ ఆకులా ఉంది కదా? లెన్స్ పెడతా, ఆగండి. ఆ, ఇప్పుడు చూడండి. ఆకంటే మధ్యలో ఈనె ఉండాలి, ఈనె నుంచి రెండు పక్కలా ఒక వరసలో చిన్న ఈనెలు పోవాలి. ఇక్కడ ఈనె లేదు. రాయి పగులు అంచు దగ్గర మొదలై సిరా ఒలికినట్టు పాకింది. పగుళ్లలోకి నీళ్లతో పాటు చేరిన మాంగనీస్ ఇది. డెండ్రైట్ అంటారు. సున్నపురాయి బండల మధ్య బాగా కనిపిస్తుంది.

నాలుగోది, బుడగలు బుడగలుగా ఉన్న బరువైన ముక్క, ఇనుప చిట్టెం. తెలంగాణలో పాతకాలంలో ఇనుము కరిగించిన ఊళ్ల దగ్గర కుప్పలుగా ఉంటుంది. రంధ్రాలు చూసి ఎముక అనుకుంటారు.

ఇక ఐదోది నిజమైన ఎముక. కాలేజీ ల్యాబ్ శాంపిల్. దీన్నీ చిట్టెం ముక్కనీ పక్కపక్కన పెడతా, పది రెట్ల లెన్స్‌లో చూద్దాం. చిట్టెంలో రంధ్రాలు బుడగలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గుండ్రంగా, దేనికది విడిగా. ఎముకలో అలా కాదు, జాలీలా అల్లుకుని ఉంటుంది. మటన్‌లో నల్లి బొక్క విరిగిన చోట చూసుంటారు, పైన గట్టి గోడ, లోపల జాలీ. సరిగ్గా అదే, రాయిగా మారింది. నాలుక ఆనిస్తే అతుక్కుంటుంది అని ఒక పాత చిట్కా ఉంది. వద్దండీ. పశువులు తిరిగిన మట్టి అది. లెన్స్ చాలు.

సరే, సిటీలో లేకపోతే ఎక్కడ? మ్యాప్ చూడండి. పడమర వికారాబాద్ వైపు, దక్కన్ లావా పొరల మధ్య చెరువు మట్టి పొరలు. సుమారు 6.6 కోట్ల ఏళ్లు. ఈ చుక్క నస్కల్ ఊరు. దక్కనోలెస్టిస్ అనే ఎలుకంత జంతువు పళ్లు ఇక్కడివే, 1988లో ప్రచురించారు. క్రెటేషియస్, అంటే డైనోసార్ల యుగంలో చివరి కాలపు క్షీరదం ఇండియాలో దొరకడం అదే మొదలు. ఉత్తరాన ప్రాణహిత-గోదావరి లోయ. మలేరి అనే రాతి పొరల్లో ట్రయాసిక్ (ఆ యుగంలో మొదటి కాలం) జంతువులు, కోట అనే పొరల్లో జురాసిక్ (మధ్య కాలం) చేపలు, పెద్ద డైనోసార్లు. దక్షిణాన కడప వైపు వేంపల్లె సున్నపురాయిలో స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు కట్టిన పొరలు. గ్రూప్ ఎటు తీసుకెళ్తుందో ముందే అడగండి, దేనికోసం చూడాలో తెలుస్తుంది.

వాక్‌కి ముందు వారం బిర్లా సైన్స్ మ్యూజియంకి ఒకసారి వెళ్లి రండి. నౌబత్ పహాడ్ మీద ఉంది. అక్కడి కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మన గోదావరి లోయదే, యామన్‌పల్లి దగ్గర దొరికింది. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి ఆ పేరు పెట్టారు. తల దగ్గర ఆగి చూడండి. దీని పుర్రె దొరకలేదు, పళ్లు రెండే దొరికాయి. అంటే మీరు చూస్తున్న తల మనుషులు ఊహించి చేసింది. తర్వాత కాలి ఎముక దగ్గరికి వెళ్లి ఉపరితలం ఎలా ఉందో, రంగు ఎలా ఉందో చూడండి. ఫీల్డ్‌లో కంటికి ఆ గుర్తే సాయం చేస్తుంది.

సామాను త్వరగా చెప్పేస్తా. పది రెట్ల లెన్స్, మెడలో వేలాడాలి, బ్యాగ్ అడుగున ఉంటే తీయరు. 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు. పెన్సిల్, పెన్ను వద్దు, చెమటకి సిరా కారుతుంది. గట్టి అట్ట నోట్‌బుక్. మెత్తటి పెయింటింగ్ బ్రష్. టార్చ్. పవర్ బ్యాంక్. టోపీ, రెండు లీటర్ల నీళ్లు. సుత్తి? మొదటిసారి వెళ్లేవాళ్లు తేవద్దు. వికారాబాద్ వైపు శిలాజాలు చాలావరకు చెర్ట్ అనే గట్టి సిలికా రాయిలో ఉంటాయి. చెర్ట్ గాజులా పగులుతుంది, పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. గ్రూప్ లీడర్ కొడుతుంటే కళ్లద్దాలు లేకుండా పక్కన నిలబడకండి.

ఇప్పుడు ఫోటో. రాయి కనిపించింది, ముట్టుకోకండి. మొదటి ఫోటో నిలబడి, చుట్టూ గట్టు, చెట్టు, వాగు అన్నీ పడేలా. రెండోది మీటరు దూరం నుంచి, రాయి ఏ పొరలో ఉందో తెలిసేలా. మూడోది దగ్గర నుంచి, స్కేలుతో. రూపాయి బిళ్ల పెట్టకండి, మన రెండు రూపాయల బిళ్లలే రకరకాల సైజుల్లో ఉన్నాయి. స్కేలు రాయి పైభాగం ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో ఉండాలి. నేల మీద పెడితే దూరం వల్ల చిన్నగా పడి, రాయి ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. కింద ఒక చిన్న రాయి పెట్టి స్కేలు లేపండి, ఇలా. ఫోన్ మరీ దగ్గర పెట్టకుండా కాస్త వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్ చెయ్యండి. ఇంకోటి, మధ్యాహ్నం నిట్టనిలువు ఎండలో గీతలు కనపడవు. ఒంటి నీడ పడేలా నిలబడి, టార్చ్ పక్క నుంచి నేలకి ఆనించి వెయ్యండి. తేడా చూడండి. ఇదీ వెయ్యక ముందు. ఇదీ వేసిన తర్వాత. నత్త చుట్లు ఎలా లేచొచ్చాయో చూశారా!

నత్త అన్నాను కాబట్టి, వికారాబాద్ వైపు దొరికే ఫైసా అనే మంచినీటి నత్తకి ఒక మంచి గుర్తుంది. మొన పైకి, నోరు మీ వైపు పెడితే నోరు ఎడమ పక్కన ఉంటుంది. చాలా నత్తలకి కుడివైపు. అందుకే సెల్ఫీ కెమెరాతో తీయకండి, కొన్ని ఫోన్లు ఫోటోని అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తాయి. ఎడమ కుడి అయిపోతుంది, జాతి మారిపోతుంది.

ఇక లొకేషన్. ఇక్కడ నెమ్మదిగా పోదాం, ఎందుకంటే అన్నీ సరిగ్గా చేసినవాళ్లు కూడా ఇక్కడ పోగొట్టుకుంటారు.

ఫోన్‌లో లొకేషన్ రెండు రకాలుగా కనిపిస్తుంది. చార్మినార్‌నే తీసుకుందాం. ఒక యాప్‌లో 17.3616, 78.4747 అని వస్తుంది. ఇది డిగ్రీలు, దశాంశాల్లో. ఇంకో యాప్‌లో 17 డిగ్రీల 21 నిమిషాల 42 సెకన్లు, 78 డిగ్రీల 28 నిమిషాల 29 సెకన్లు. రెండూ ఒకటే చోటు. ఇప్పుడు ఎవరో రెండోదాన్ని నోట్‌బుక్‌లో హడావిడిగా 17.21.42, 78.28.29 అని రాస్తారు. సాయంత్రం ఇంకొకరు దాన్ని ఎక్సెల్‌లో 17.2142, 78.2829 అని కొడతారు. మ్యాప్‌లో పెట్టి చూద్దాం. ఎక్కడ పడింది? చార్మినార్‌కి దక్షిణంగా 16 కిలోమీటర్లు, పడమరగా 20 కిలోమీటర్లు. ఇదే పొరపాటు ఫీల్డ్‌లో జరిగితే మీ శిలాజం ఇంకో మండలంలో, ఇంకో రాతి పొరలో ఉన్నట్టు రికార్డవుతుంది. రాసినవాడికి తప్పని తెలియదు, ఎందుకంటే నంబర్ చూడటానికి బాగానే ఉంటుంది.

పట్టుకునే ఉపాయం ఒకటుంది. నిమిషాలు, సెకన్లు 60 దాటవు. చుక్క తర్వాత అంకెల్లో ఎక్కడైనా జత 60 పైన ఉంటే అది దశాంశమే. లేకపోతే అనుమానించండి. అంతకంటే మేలు, గ్రూప్ అంతా ఒకే పద్ధతి పెట్టుకోవడం. నా ఓటు దశాంశానికి. గూగుల్ మ్యాప్స్‌లో మీరున్న చోట వేలు నొక్కి పట్టుకోండి, పిన్ పడుతుంది, నంబర్ వస్తుంది, కాపీ. చుక్క తర్వాత ఐదు అంకెలు రాయండి. నాలుగైతే దాదాపు 11 మీటర్ల తేడా, ఐదైతే ఒక మీటరు. నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం పెద్దగా ఉంటే ఆగండి. ఆకాశం కనిపించే చోట ఒక నిమిషం నిలబడండి, తగ్గుతుంది. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ మాత్రం ముందు రోజే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఫోటో మీద లొకేషన్ ముద్ర వేసే యాప్‌లు ఉన్నాయి, బాగానే ఉంటాయి. కానీ జీపీఎస్ దొరక్కపోతే కొన్ని అంతకు ముందు ఆగిన చోటునే ముద్ర వేసేస్తాయి. టీ తాగిన దాబా దగ్గర శిలాజం దొరికినట్టు వస్తుంది! అందుకే నోట్‌బుక్‌లో చేత్తో కూడా రాయండి. ఇంకా, ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే లొకేషన్ సమాచారం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఇక్కడ, అటాచ్, డాక్యుమెంట్, ఫైల్. అయిపోయింది. పబ్లిక్‌గా పోస్ట్ చేసేటప్పుడు మాత్రం జిల్లా పేరు చాలు. కచ్చితమైన నంబర్ పెడితే తవ్వుకుపోయేవాళ్లకి దారి చూపించినట్టే.

నోట్‌బుక్‌లో ఇంకొక్క మాట తప్పకుండా ఉండాలి: రాయి పొరలోనే ఉందా, ఊడి పడి ఉందా. వాగులో పడి ఉంటే అది ఎక్కడి నుంచో కొట్టుకొచ్చింది. అంచులు అరిగితే దూరం నుంచి, పదునుగా ఉంటే దగ్గర్నుంచి. పైకి చూసుకుంటూ నడిస్తే అసలు పొర దొరకొచ్చు. వానాకాలం తర్వాత వెళ్లడం అందుకే మంచిది, వాన కొత్త ముక్కల్ని కడిగి బయటపెడుతుంది.

తెచ్చుకోవచ్చా? అభయారణ్యంలో గులకరాయి కూడా తీయకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ఉంది. ప్రాణహిత వైపు వెళ్లేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. చేనులో అయితే రైతును అడగాలి, క్వారీలో అయితే యజమానిని. ఎముక అనిపిస్తే అసలు కదపొద్దు, ఎవరి అనుమతి ఉన్నా. బండ్లగూడలో జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఆఫీసు ఉంది, ఉస్మానియాలో జియాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది. మూడు ఫోటోలు, లొకేషన్, ఆ పొర మాట, ఇవి పట్టుకెళ్లి చూపించండి. విరిగితే ఫెవిక్విక్ వెయ్యకండి దయచేసి. ఒకసారి అంటితే సరిచేయడం చాలా కష్టం, రాయి పైపొర కూడా లేచొస్తుంది. మ్యూజియంల వాళ్లు అసిటోన్‌లో కరిగే పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడేది అందుకే, కావాలంటే మళ్లీ తీసేయొచ్చు. మీరైతే టిష్యూలో చుట్టి, ముక్కలన్నీ ఒకే జిప్ కవర్‌లో పెట్టి, ఆ రాయికి మీరిచ్చిన నంబర్ రాసిన చీటీ లోపల ఒకటి, పైన ఒకటి.

ఈవెంట్‌లో మట్టి జల్లించే టేబుల్ ఉంటే మాత్రం అక్కడే కూర్చోండి. నస్కల్ పళ్ల లాంటివి నడుస్తుంటే కంటికి కనపడవు. మట్టిని పూర్తిగా ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తారు. నీళ్లు రంధ్రాల్లోకి దూరి కిరోసిన్‌ని బయటికి నెడతాయి, ముద్ద దానంతటదే విచ్చుకుంటుంది. మట్టి లోపల కొంచెం తడి ఉన్నా ఇది జరగదు, గడ్డ గడ్డగానే ఉంటుంది. నిప్పు దగ్గర చెయ్యకూడదు, ఇంట్లో అసలే వద్దు. తర్వాత అర మిల్లీమీటరు జల్లెడ. మిగిలిన ఇసుకని నల్ల కాగితం మీద పరిచి, సన్నటి బ్రష్ మొన తడిపి, ఒక్కో గింజ పక్కకి జరుపుతూ పోవాలి. పంటి ఎనామిల్ మెరుస్తుంది, ఇసుక గింజ మెరుపు వేరు. పది నిమిషాలు చూస్తే కన్ను అలవాటు పడుతుంది. చెంచాడు ఇసుకకి గంట పడుతుంది, ఆ గంటలో ఒక్క చేప పన్ను వచ్చినా అది లెక్కే, దానికీ నంబర్ వెయ్యాలి.

ఆ నోట్‌బుక్ పేజీ ఎలా ఉండాలో నింపి చూపిస్తున్నా, వీడియో ఇక్కడ ఆపి స్క్రీన్‌షాట్ తీసుకోండి. తేదీ, నంబర్, దశాంశంలో లొకేషన్, పొరలోనా ఊడినదా, ఫోటోల నంబర్లు, స్థలం ఎవరిది. వాక్‌కి బయల్దేరే ముందు ఇలాంటి ఖాళీ పేజీలు పది గీసి పెట్టుకోండి.