పొలం పద్దు ఎవరిది?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడి ఉన్న కంప్యూటర్ విద్యార్థులకు నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, పిల్లలు వచ్చి కూర్చోండి. ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడాల్సింది మీతోనే.

"వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ వ్యవసాయాన్ని ఎలా మారుస్తోంది" అన్న అంశం ఇచ్చారు. ఖర్చు, సరుకు, కూలి, అమ్మకం, అన్నిటి లెక్కా ఒక్కచోట ఉంచే సాఫ్ట్‌వేర్ అన్నమాట. దాని మీదే మాట్లాడతాను. కాకపోతే మా నాన్న నోటుబుక్కు దగ్గర మొదలుపెట్టనివ్వండి.

చొక్కా జేబులో పట్టేంత చిన్న పుస్తకం అది. అట్ట ఊడిపోతే గోనెగుడ్డ ముక్క కుట్టుకున్నాడు. దానికే దారంతో ఒక పెన్సిలు ముక్క కట్టి ఉండేది. అందులో ఒక పేజీ నాకు కంఠతా వచ్చు. "పడమటి చెక్క. మందు 2 డబ్బాలు. సాయంత్రం వాన. పోయింది." అంతే. ఖర్చు, కారణం, నష్టం, మూడూ అందులోనే ఉన్నాయి.

లెక్క రాయడం రైతుకు కొత్త కాదు. సుమారు 5,000 ఏళ్ల కిందట మెసొపొటేమియాలో మట్టి పలకల మీద రాత మొదలైనప్పుడు జనం ఎక్కువగా రాసుకున్నవి బార్లీ, గొర్రెలు, పనివాళ్లకు కొలిచిచ్చిన ధాన్యం లెక్కలే. కథలూ పాటలూ ఆ పలకల మీదికి తర్వాత ఎక్కాయి. అందుకే సాఫ్ట్‌వేర్ వచ్చి రైతుకు లెక్కలు నేర్పిందంటే నేను ఒప్పుకోను.

మరి అది చేసిన మేలేమిటి? నా అనుభవంలో పెద్ద మేలు చెక్కవారీ లెక్క. చెక్క అంటే పొలం ముక్క. మాకు నాలుగు చెక్కలు. పడమటి చెక్కలో దిగుబడి ఎప్పుడూ ఎక్కువే, దాన్ని చూసుకుని మురిసిపోయేవాళ్లం. సాఫ్ట్‌వేర్‌లో రాయడం మొదలుపెట్టిన రెండో ఏడు ప్రతి ఖర్చునీ చెక్కల వారీగా విడగొట్టాం. మోటారు ఎక్కడికి ఎన్ని గంటలు నడిచింది, ట్రాక్టర్ ఎక్కడ ఎంతసేపు తిరిగింది, కలుపుకు ఎంతమంది ఎన్ని రోజులు వచ్చారు, అన్నీ. ట్రాక్టర్ తరుగుదలను, అంటే వాడేకొద్దీ తగ్గే దాని విలువను కూడా తిరిగిన గంటలను బట్టి పంచాం. పంట అమ్మాక చూస్తే, నాలుగింటిలోకీ తక్కువ మిగిలింది పడమటి చెక్కలోనే! నిలిచిన నీళ్లు తోడడానికీ, వానకు కొట్టుకుపోయిన మందు మళ్లీ కొట్టడానికీ దాని రాబడి దానికే సరిపోతోంది. పొలం మొత్తం మీద లాభం కనిపిస్తోంది కాబట్టి ఇన్నేళ్లూ ఆ సంగతి మా కంటపడలేదు. మరుసటి ఏడు అక్కడ మురుగు కాలువ తీయించాం. ఆ నిర్ణయం వెనక ఉన్నది లెక్కే. అందుకే సాఫ్ట్‌వేర్ వద్దని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు.

ఇంకో మేలు కూడా చెప్పాలి. పన్నెండో తేదీన మందు కొట్టామనుకోండి. కొట్టిన రోజుకూ కోతకూ మధ్య ఏడు రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంది. పదహారో తేదీకే ఎవరో తొందరపడి కోత పని ఎక్కించబోతే, ఫోన్‌లో ఎర్ర గుర్తు వచ్చి ఆపుతుంది. తినేవాడి ఆరోగ్యానికి అది కాపలా. ఆ పంట ఏ చెక్కలో పండింది, ఏ రోజు కోసింది, ఏ లాట్ నంబరుతో బయటికి వెళ్లింది అన్నదంతా గొలుసులా ఉంటుంది. ఎక్కడైనా తేడా వస్తే ఆ లాట్ ఒక్కటే వెనక్కి తెప్పించుకోవచ్చు.

విద్యార్థులు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఈ సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగానికి మూలం ఫ్యాక్టరీ. 1960, 70లలో ఫ్యాక్టరీ సరుకుల ప్రణాళిక కోసం పుట్టిన పద్ధతులు పెరిగి పెరిగి ఇంతదాకా వచ్చాయి. బల్ల చేయాలంటే నాలుగు కాళ్లు కావాలి, ఎన్ని చేసినా బల్లకు నాలుగే. మొక్క అలా కాదు. పోయినేడు రెండు తడులతో పండింది, ఈ ఏడు ఐదు అడుగుతుంది. పైగా సరుకు గోడౌన్‌లో పెరగదు, పంట రాత్రికి రాత్రి పెరుగుతుంది. అకౌంటింగ్ వాళ్లకూ ఈ చిక్కు ఎదురైంది. 2003 నుంచి అమల్లో ఉన్న ఐఏఎస్ 41 అనే అంతర్జాతీయ ప్రమాణం పంటనూ పశువునూ జీవ ఆస్తులు అంది. అమ్మకం ఖర్చులు పోను ఇవాళ ఎంత పలుకుతాయో ఆ విలువ కట్టమంది. పండ్ల చెట్లను మాత్రం 2016 నుంచి యంత్రాల్లాగే తరుగుదల కట్టే ఆస్తుల్లో కలిపారు. చెట్టు మీది కాయ ఇప్పటికీ జీవ ఆస్తే. ప్రాణమున్నదాన్ని పద్దులో రాయడం అంత తేలిక కాదు.

ఉపగ్రహ చిత్రాలు, ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య మాట కలిపే ఐసోబస్ ప్రమాణం, వీటి గురించి నా తర్వాత మాట్లాడేవారు వివరంగా చెబుతారు. నేను మా అమ్మ గురించి చెప్పాలి.

మొదటి ఏడాది కూలి ఖర్చుల పట్టిక తీశాను. బయటి నుంచి వచ్చినవాళ్ల రోజులన్నీ ఉన్నాయి. మా అమ్మ పేరు లేదు. తెల్లవారకముందే చేలో ఉండే మనిషి. విత్తనం ఏరింది, నారు పోసింది, పశువులను చూసింది. డబ్బు చేతులు మారలేదు కాబట్టి ఖర్చు సున్నా. నాన్న నోటుబుక్కులోనూ లేదు, అది నిజం, దాచను. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి చేర్చడం ఎంతసేపు? "కుటుంబ శ్రమ" అని ఒక వరస పెట్టి, ఆవిడ గంటలకూ అందరి కూలి రేటే వేశాను. లాభం సగానికి పడిపోయింది. ఆ సగం అన్నేళ్లూ ఆవిడ రెక్కల కష్టమే. పిల్లలూ, మీరు రేపు ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే ఆ గడి మర్చిపోకండి. దయచేసి మర్చిపోకండి.

ఇక నేను అసలు చెప్పాలని వచ్చిన మాట.

ఆరేళ్లు రాశాం. రోజూ రాత్రి పడుకునే ముందు, ఒళ్లు నొప్పులతో ఉన్నా రాశాం. "గమనిక" అన్న గడిలో నాన్న తన నోటుబుక్కులో రాసినట్టే రాయించేవాడు. "తూర్పు గట్టున పురుగు ముందు కనిపించింది." "ఈ విత్తనం ఆలస్యంగా మొలిచింది." ఒకరోజు ఈమెయిల్ వచ్చింది. సేవ ఆపేస్తున్నాం, ముప్ఫై రోజుల గడువు అని. కంపెనీ చేతులు మారిందట. మా వివరాలు మాకివ్వండని అడిగాం. మళ్లీ మళ్లీ అడిగాం. చివరికి వచ్చింది ఆరు పేజీల పీడీఎఫ్, ఏడాదికొక పేజీ. మొత్తం ఖర్చు, మొత్తం రాబడి. మోటారు గంటలు రాలేదు. చెక్కల లెక్క రాలేదు. గమనికలు ఒక్కటి కూడా రాలేదు. నాన్న ఆ పేజీలు తిరగేసి, "మరి నేను చెప్పినవి ఏవిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పగా నేను రాసిన ఆరేళ్లు పోయాయి. గోనెగుడ్డ అట్ట పుస్తకం మాత్రం బీరువాలో ఉంది, ఇప్పటికీ చదవొచ్చు.

ఈ బాధ మా ఒక్కరిదే కాదు. 2014లో అమెరికాలో రైతు సంఘాలు, కంపెనీలు కలిసి పొలం సమాచారానికి నియమాలు రాసుకున్నాయి. పొలంలో పుట్టిన సమాచారం రైతుదే అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. 2018లో ఐరోపా సంఘాలు కూడా ఇలాంటి నియమావళే తెచ్చాయి. ఇవన్నీ ఇష్టపూర్వకంగా పాటించాల్సినవి, చట్టాలు కావు. తర్వాత అక్కడ చట్టమూ వచ్చింది. ఐరోపా యూనియన్ డేటా చట్టం 2025 సెప్టెంబర్ 12 నుంచి వర్తిస్తోంది. ఇంటర్నెట్‌తో కలిసిన యంత్రంలో పుట్టే సమాచారాన్ని దాన్ని వాడేవాళ్లు అడిగి తీసుకోవచ్చని, ఒక క్లౌడ్ సేవ నుంచి, అంటే మన వివరాలను ఇంటర్నెట్‌లో తన సర్వర్లలో ఉంచే సేవ నుంచి, ఇంకో దానికి మారనివ్వాలని అది చెబుతోంది. కావలసింది ఇదే. కానీ మీ ఒప్పందంలో ఏముందో మీరే చదవాలి. పొడుగ్గా ఉంటుంది, నిజమే. సేవ ఆగిపోతే ఏమవుతుందన్న చోటు వెతికి, అదొక్కటైనా చదవండి. ఫార్మ్‌ఓఎస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని మన సొంత సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. చేయించుకునే ఓపిక ఉన్నవాళ్లు అదీ చూడండి.

టైమ్ అయిందని అధ్యక్షులు చీటీ పంపారు. ఒక్క నిమిషం ఇవ్వండి.

అందరూ ఫోన్లు తీయండి. మీ పొలం లెక్కలున్న యాప్ తెరవండి. సెట్టింగ్స్‌లో "ఎక్స్‌పోర్ట్" అని ఉందేమో చూడండి. ఉంటే నొక్కండి. వచ్చిన ఫైలు సీఎస్‌వీనా, పీడీఎఫ్‌నా? సీఎస్‌వీ అంటే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోగలిగే గడుల పట్టిక, పీడీఎఫ్ అంటే అచ్చు వేసిన పేజీ లాంటిది. సీఎస్‌వీ అయితే తెరిచి, మీరు రాసిన గమనికలు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. పక్కనున్న పెద్దవాళ్లకు పిల్లలు సాయం చేయండి.

గమనికలు కనిపించినవాళ్లు చేయి ఎత్తండి. మిగతావాళ్లు సభ అయ్యాక వెళ్లిపోకండి. కాగితాలు తెచ్చాను. మీ కంపెనీలకు ఇక్కడే కూర్చుని ఉత్తరాలు రాద్దాం.