మైపాడు నీళ్లు తెచ్చి పోస్తే చాలదా? ఉప్పునీటి తొట్టి, ఫిల్టర్ సంగతి

అందరికీ నమస్కారం. వెనకాల గరగరమని ఒక శబ్దం వినిపిస్తా ఉంటది. మైక్ చెడిపోలేదు, అది స్కిమ్మర్, నురగ కట్టించి నీళ్లలో మురికి తీసే ఫిల్టర్. ఆపేసి వీడియో తియ్యొచ్చు గానీ ఈరోజు మాట్లాడేదే దాని గురించి. ఉండనీండి.

మొన్న కావలి నుంచి ఒకన్న ఫోన్ చేశాడు. ఆయనకి రొయ్యల గుంటలున్నాయి. "తమ్ముడూ, ఇంట్లో సముద్రపు చేపలు పెంచుకుందామని నాలుగడుగుల గాజు తొట్టి చేయించా. సముద్రం పక్కనే ఉందాయె. నాలుగు క్యాన్లు నీళ్లు తెచ్చి పోసి, గుంటలో ఏరియేటర్ తిప్పినట్టు ఇక్కడ గాలి మోటారు పెడితే చాలదా? ఈ ఫిల్టర్లకి అంత డబ్బెందుకు?" అన్నాడు. గుంటలున్నోళ్లకి ఎవరికైనా ఇదే అనుమానం వస్తది. మా మామ కూడా నన్ను ఇదే అడిగాడు.

అన్నా, గుంట లెక్క వేరు, తొట్టి లెక్క వేరు. గుంటలో ఎకరం నీళ్లుంటాయి. ఎండ పడతది, నీళ్లు పచ్చగా రంగు తిరుగుతాయి. రొయ్యలు వదిలిన మురికిలోంచి పుట్టే విషం, అమ్మోనియా, దాంట్లో సగాన్ని ఆ పచ్చదనమే మింగేస్తది. అయినా మీరు ప్రోబయాటిక్ చల్లకుండా, నీళ్లు మార్చకుండా పంట తీస్తారా? ఇక నా తొట్టి చూడండి. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. మొత్తం సుమారు 250 లీటర్లు. చేప తిని వదిలిందంతా ఆ 250 లీటర్లలోనే తిరగాల. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటది. పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లవుతది. మంచినీటి తొట్టిలో గోల్డ్ ఫిష్ తట్టుకునే మోతాదు ఇక్కడ చేపని చంపేస్తది.

నీళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. మన నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో ఒడ్డున ముంచుకొచ్చే నీళ్లు నేను వాడను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. పెన్న పారిందంటే ఒడ్డున ఉప్పదనం ఎంతుంటదో చెప్పలేం. హ్యాచరీలోళ్లు కూడా సముద్రం నీళ్లని అట్టాగే వాడరు కదా. బ్లీచింగ్ వేసి, గాలి కొట్టి, హైపోతో, అంటే సోడియం థయోసల్ఫేట్‌తో, క్లోరిన్ విరిచి, అప్పుడు వాడతారు. మీకు అంత ఓపికుంటే చెయ్యండి. నేనైతే ఆర్వో నీళ్లలో సముద్రపు చేపల తొట్టికని అమ్మే మెరైన్ ఉప్పు కలుపుకుంటా. లీటరుకి 35 గ్రాముల లెక్కన 250 లీటర్లకి తొమ్మిది కిలోలకి కాస్త తక్కువ పడతది. "కొఠార్ల దగ్గర కళ్లుప్పు చవగ్గా వస్తది కదా" అంటారేమో. కొఠారులో ఉప్పు గడ్డ కట్టేటప్పుడు మెగ్నీషియం లాంటివి చానా వరకు ఆ చేదు నీళ్లలోనే మిగిలిపోతాయి. మనకి దక్కేది కూరలో వేసుకునే ఉప్పే. పులుసుకి భేష్, తొట్టికి పనికిరాదు.

ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటర్ మీ దగ్గర ఉండే ఉంటది. అదే తీసుకోండి, కొత్తది కొనక్కర్లేదు. ఒట్టి చేపల తొట్టికి 30 నుంచి 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో ఇన్ని పాళ్ల ఉప్పు) మధ్య ఎక్కడైనా సరే. అంకె కంటే, ఆ అంకె రోజూ ఒకేలా ఉండటం ముఖ్యం.

ఇప్పుడు ఫిల్టర్. చానామంది ఫిల్టరంటే చెత్త వడకట్టేదనుకుంటారు. కాదబ్బా. చెత్త పట్టే గుడ్డ సంచి అందులో ఒక ముక్క, అంతే. అసలు పని చేసేది కంటికి కనపడని బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తది. ఆ నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు, నీళ్లు మార్చి తగ్గించుకుంటాం. ఈ సన్నటి బెజ్జాలుండే సింటర్డ్ గ్లాస్ ముక్కలు, సిరామిక్ గొట్టాలు, రాళ్లు, అన్నీ ఆ బ్యాక్టీరియాకి కాపురం పెట్టుకోడానికి ఇళ్లు. ఇల్లు కొన్న రోజే మనుషులు చేరరు కదా, నాలుగు నుంచి ఆరు వారాలు పడతది.

దాన్ని మొదలెట్టేదానికి మన జిల్లాలో దొరికే మందే ఉంది. ఒక పచ్చి రొయ్య. మార్కెట్లో ఒకటి తెచ్చి, పలచటి గుడ్డలో కట్టి, చేపల్లేని తొట్టిలో వేలాడదీయండి. కుళ్లతది, అమ్మోనియా వస్తది. మూడు రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూడండి. ముందు అమ్మోనియా పైకెళ్తది, తర్వాత అది దిగి నైట్రైట్ లేస్తది, ఆఖరికి రెండూ సున్నాకి వస్తాయి. ఆ రోజు దాకా చేప మాటెత్తొద్దు. ఇంట్లో వాసన గురించి ఎవరన్నా అడిగితే మీరే ఏదో ఒకటి చెప్పుకోవాల.

ఈ బ్యాక్టీరియా విలువ నాకు తొట్టి పెట్టిన మూడో నెలలో తెలిసొచ్చింది. సంక్రాంతికి చుట్టాలొస్తా ఉన్నారని తొట్టి మెరవాలనుకున్నా. సిరామిక్ గొట్టాలన్నీ బకెట్లో వేసి, కుళాయి కింద పెట్టి, బ్రష్షుతో తెల్లగా తోమా. అమ్మ చూసి "అంట్లు కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ తోమలేదురా నువ్వు" అనింది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటదన్న సంగతే గుర్తు లేదు. రెండో రోజుకి డామ్సెల్ చేపలు పైకొచ్చి నోరు తెరుస్తా ఉన్నాయి, మొప్పలు టపటపా కొట్టుకుంటా ఉన్నాయి. కిట్‌లో నీళ్లు ముదురాకుపచ్చ, అంటే అమ్మోనియా చానా ఎక్కువ. చుట్టాలొచ్చేసరికి తొట్టి మెరుస్తానే ఉంది, లోపల చేపే లేదు. అందుకే చెప్తున్నా, ఆ గొట్టాల్ని కడగాలంటే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే, రెండుసార్లు ఇట్టా ముంచి తీయండి. అదీ సగమే, మిగతా సగం వచ్చే నెల.

ఇదిగో, గరగరలాడే పెద్దమనిషి దగ్గరికొద్దాం. మైపాడులో అల విరిగిన చోట ఇసక మీద తెల్లటి నురగ నిలబడతది, చూశారా? ఆ నురగకి మురికి అంటుకుని ఉంటది. స్కిమ్మర్ చేసేది అదే పని, గొట్టంలో. సన్నటి గాలి బుడగల్ని నీళ్లలోకి తోస్తది, కరిగున్న కుళ్లు పదార్థం బుడగలకి అతుక్కుని పైనున్న కప్పులోకి పొంగతది. అంటే అమ్మోనియాగా మారకముందే చానా వరకు బయటికొచ్చేస్తది. మంచినీళ్లలో నురగ ఇట్టా నిలవదు, కాబట్టి ఇది ఉప్పునీటి తొట్టికి మాత్రమే. కప్పు కెమెరాకి చూపిస్తా, చూడండి. చిక్కటి డికాషన్ రంగు. వాసన మీకు రాదు, అదృష్టవంతులు. మా మామ ఒకసారి మూత తీసి "ఇది మా గుంట అడుగు మడ్డి వాసనేరా" అని మొహం తిప్పుకున్నాడు. కొత్త స్కిమ్మర్ మొదటి వారం సరిగా నురగ కట్టదు, కంగారుపడొద్దు. చేతికి నూనె ఉండగా నీళ్లలో పెట్టినా నురగ పడిపోతది, మళ్లీ అదే లేస్తది. డబ్బు తక్కువైతే లైట్లలో తగ్గించుకోండి, స్కిమ్మర్‌లో వద్దు.

ఇవన్నీ కింద సంప్‌లో ఉంటాయి. ఇంటి ముందర నీళ్ల సంపు కాదు, తొట్టి కింద పెట్టే చిన్న గాజు తొట్టి. పైనుంచి నీళ్లు గుడ్డ సంచిలోకి, అక్కణ్ణుంచి స్కిమ్మర్ గదికి, తర్వాత గొట్టాల గదికి, చివర్లో మోటారు పైకి కొడతది. గంటకి తొట్టి నీళ్లకి ఐదారు రెట్లు తిరిగితే చాలు. మోటారు డబ్బా మీద రాసున్న లెక్క ఎత్తుకి కొట్టనప్పటిది. నాలుగడుగులు పైకి కొట్టేసరికి బాగా తగ్గిపోతది, చూసుకుని కొనండి.

మన ఊళ్లో కరెంటు సంగతి తెలుసు కదా. కరెంటు పోతే మోటారు ఆగతది, పైకెళ్లే పైపే వెనక్కి నీళ్లు లాగేస్తది. సంప్ నిండి హాల్లోకి పొర్లతది. అందుకని ఆ పైపుకి పై తొట్టి నీటి మట్టం కిందనే చిన్న బెజ్జం కొట్టుకోండి. నీళ్లు అంతవరకు దిగగానే గాలి దూరి ఆగిపోతది. చేపలు వెయ్యకముందే ప్లగ్గు పీకి చూడండి. వెనక్కొచ్చిన నీళ్లన్నీ సంప్‌లో పట్టాల. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడేట్టు పెట్టండి, కారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలతది. ఇంకోటి, మేలో కరెంటు పోతే వేడి ఉప్పునీళ్లలో ఆక్సిజన్ చానా తక్కువ. బ్యాటరీ గాలి మోటారు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

రోజువారీ పనంటే పెద్దగా లేదు. సంప్ గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసుకున్నా, ఇదిగో. ఎండాకాలం నీళ్లు చల్లబడేదానికి ఫ్యాను పెడతా, పొద్దున చూస్తే నీళ్లు గీత కిందికి దిగుంటాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటది. కాబట్టి అక్కడ పొయ్యాల్సింది ఉప్పు కలపని ఆర్వో నీళ్లు. ఉప్పునీళ్లు పోస్తా పోతే నెల తిరిగేసరికి చేపల్ని ఊరగాయ పెట్టినట్టే. గుడ్డ సంచి మూడు రోజులకోసారి మార్చి ఉతుకుతా. రెండు వారాలకోసారి 15 శాతం నీళ్లు మారుస్తా. కొత్త ఉప్పునీళ్లు ముందురోజే డ్రమ్ములో కలిపి, మోటారు తిప్పతా ఉంచుతా. ఉప్పు నేరుగా తొట్టిలో చల్లారో, అయిపోయినట్టే.

కొత్త చేపని మాత్రం నెలరోజులు వేరే చిన్న తొట్టిలో ఉంచండి. తెల్లచుక్కల రోగం వస్తే రాగి మందు అక్కడే వాడుకోవచ్చు. పెద్ద తొట్టిలో పోస్తే రాళ్లు ఆ మందుని పీల్చేసుకుంటాయి.

పగడాలు కూడా పెట్టొచ్చా అని ఆ అన్నే అడిగాడు. మన సముద్రం పగడాలు, సముద్రపు గుర్రాల్ని 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. తెచ్చినా అమ్మినా కేసే. చేపలతో ఆపుదాం. చేపలైనా తొట్టిలో పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్ అడగండి. సముద్రంలో పట్టినదాని కంటే మేతకి తొందరగా వస్తది. మొదట ఒక్క జతే వెయ్యన్నా. రెండు వారాలు అమ్మోనియా సున్నా దగ్గరే నిలిస్తే అప్పుడు ఫోన్ చెయ్యి, మూడో చేప సంగతి మాట్లాడుకుందాం.