చీకట్లో టైప్ చేయడానికి ఎలాంటి కీబోర్డ్ కావాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. గదిలో దీపం వేయకుండా కంప్యూటర్ మీద పని చేసుకోవలసిన అవసరం చాలామందికి ఉంటుంది. పక్కన నిద్రపోయేవారు ఉండవచ్చు, వీడియో ఎడిటింగ్ కోసం గదిని చీకటిగా ఉంచుకోవలసి రావచ్చు, టెలిస్కోపు పక్కన కంప్యూటర్ పెట్టుకుని రాత్రంతా ఆకాశాన్ని గమనించేవారూ ఉంటారు. వీరంతా వెతికేది కీల కింది నుంచి వెలుతురు వచ్చే బ్యాక్‌లిట్ కీబోర్డుల కోసమే. చాలా ఏళ్లుగా కీబోర్డులను విప్పి బాగుచేస్తున్న సాంకేతిక నిపుణులు ఒకరు ఈ రోజు మనతో ఉన్నారు. సూటిగానే అడుగుతానండీ. చీకట్లో వాడేందుకు కీబోర్డ్ కొనేవారు మొట్టమొదట ఏం చూడాలి?

అతిథి: నమస్కారమండీ. ఆ కీబోర్డ్ ఎంత తక్కువ కాంతితో వెలగగలదో చూడాలి. చాలామంది బాగా వెలుగుతుందా అని అడుగుతారు. చీకటిగదిలో చిన్న ఎల్‌ఈడీ వెలుగు కూడా ఎక్కువే అవుతుంది కాబట్టి, గరిష్ఠ కాంతి ఎంత ఉన్నా దానితో మనకు పని పడదు. రోజూ వాడేది అన్నిటికన్నా కింది మెట్టునే. కొన్ని కీబోర్డుల్లో కాంతికి మూడే మెట్లు ఉంటాయి, వాటిలో కింది మెట్టు కూడా అర్ధరాత్రి వేళ కళ్లకు గుచ్చుకుంటుంది. మెట్లు ఎక్కువగా ఉండి, చివరి మెట్టులో అక్షరం కనిపించీ కనిపించనట్టు ఉండే కీబోర్డే చీకటికి తగినది.

వ్యాఖ్యాత: కనిపించీ కనిపించనట్టు ఉంటే చదవడానికి ఇబ్బంది కాదా?

అతిథి: దీపాల వెలుతురులో చూస్తే ఇబ్బందే. దీపం ఆర్పి కొంతసేపు కూర్చుంటే మాత్రం ఆ కాస్త వెలుతురే సరిపోతుంది. మన రెటీనాలో రంగులనూ సన్నని వివరాలనూ చూపించే శంకు కణాలు చీకటికి అలవాటు పడటానికి సుమారు 10 నిమిషాలు తీసుకుంటాయి. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలకు 30 నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అయితే మానిటర్ ముందు కూర్చున్నవారి కళ్లు పూర్తి చీకటికి ఎప్పుడూ అలవాటు పడవు, ఎందుకంటే తెర ఎదురుగా వెలుగుతూనే ఉంటుంది. అందుకే ముందు తెర కాంతిని గదికి తగినట్టు తగ్గించుకుని, ఆ తరువాత కీల కాంతిని తెరకన్నా కాస్త కిందికి దించమని నేను చెబుతాను. చూపు తెర మీది నుంచి కీల మీదికి దిగి మళ్లీ పైకి వెళ్లినప్పుడు కళ్లు ప్రతిసారీ కొత్తగా సర్దుకోవలసిన అవసరం రాకూడదు. గంటల తరబడి పనిచేసేవారికి అలసట తెచ్చేది ఈ ఎక్కుదిగుడే.

వ్యాఖ్యాత: రంగు మాటేమిటి? సుమారు 1.67 కోట్ల రంగులు అని పెట్టె మీద రాసి ఉంటుంది కదా.

అతిథి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడింటికి ఒక్కొక్కదానికి 256 మెట్ల చొప్పున హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది. చీకట్లో వాటిలో ఒకటో రెండో చాలు. నీలాన్ని నేను ఎవరికీ సూచించను. చూపు కేంద్రీకృతమయ్యే చోట, అంటే రెటీనా నడిబొడ్డున, నీలాన్ని గ్రహించే శంకు కణాలు దాదాపు ఉండవు. పైగా కంటి కటకం నీలి కాంతిని మిగతా రంగులకన్నా కాస్త ముందుగానే కేంద్రీకరిస్తుంది. అందువల్ల నల్లని కీ మీద నీలి అక్షరం అంచులు అలికినట్టు మసకగా కనిపిస్తాయి. నిద్రను ఆలస్యం చేసే గుణం కూడా 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికే ఎక్కువ, అయితే ఆ విషయంలో కీబోర్డ్ కన్నా తెర వాటాయే పెద్దదని కూడా చెప్పాలి.

ఆకాశాన్ని గమనించేవారికి ఎరుపే సరైనది. దండ కణాలు ముదురు ఎరుపును దాదాపుగా పట్టించుకోవు కాబట్టి, అరగంట కూర్చుని సంపాదించుకున్న చీకటి చూపు దానివల్ల చెడదు. మిగతావారికి తెలుపు మంచిదే, కానీ అది ఎలా పుట్టిన తెలుపో చూడాలి. తెల్లని ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలి ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత, నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మార్చే పదార్థమే ఈ ఫాస్ఫర్. ఆ నీలి ఎల్‌ఈడీని సాధ్యం చేసినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఉండే ఆర్‌జీబీ కీబోర్డులో తెలుపు ఆ మూడు రంగుల కలయిక వల్ల వస్తుంది, కాబట్టి కాంతి బాగా తగ్గించినప్పుడు ఒక కీ గులాబీ ఛాయలో, పక్కది పచ్చని ఛాయలో కనిపించవచ్చు. తెలుపు మాత్రమే కావాలనుకునేవారు ఒకే రంగు కీబోర్డ్ తీసుకోవడం మేలు. ఇక అలలుగా కదిలే రంగులను కొన్న రోజే ఆపేయండి. చూపు అంచుల్లో కదలికను మన కన్ను ఇట్టే పట్టుకుంటుంది, దాని వల్ల తెర మీది పని నుంచి మనసు మళ్లుతూనే ఉంటుంది.

వ్యాఖ్యాత: వెలుగు సరే, అక్షరం స్పష్టంగా కనిపించడం వేరే విషయం అనుకుంటాను.

అతిథి: అసలు తేడా అంతా అక్కడే ఉందండీ. కీ పైన ఉండే తొడుగును కీక్యాప్ అంటాం. వెలుతురు అక్షరం గుండా మాత్రమే రావాలంటే దాన్ని రెండు పద్ధతుల్లో చేస్తారు. ఒకటి, పారదర్శకమైన ప్లాస్టిక్ మీద నల్లని రంగు వేసి, అక్షరం ఉన్న మేర ఆ రంగును లేజర్‌తో తొలగించడం. రెండోది డబుల్ షాట్, అంటే వెలుతురును పోనిచ్చే ప్లాస్టిక్‌ను, పోనివ్వని ప్లాస్టిక్‌ను ఒకే అచ్చులో ఒకదాని తరువాత ఒకటి పోయడం. మొదటి పద్ధతిలో అక్షరాలు కొత్తలో చాలా పదునుగా ఉంటాయి, కానీ ఎక్కువగా నొక్కే కీల మీద రంగు అరిగిపోతుంది. నా దగ్గరకు మరమ్మతుకు వచ్చే వాటిలో ఈ, ఏ, ఎస్ అనే ఇంగ్లిష్ అక్షరాల కీలను చూస్తే అక్షరం రూపం పోయి, దాని చోట ఒక తెల్లని మచ్చ వెలుగుతూ ఉంటుంది. డబుల్ షాట్‌లో అక్షరమే ప్లాస్టిక్ కాబట్టి అది చెరిగిపోదు.

వ్యాఖ్యాత: కొనేటప్పుడు ఈ తేడాను గుర్తుపట్టడం ఎలా?

అతిథి: ఒక కీక్యాప్‌ను ఊడదీసి తిప్పి చూడండి. లోపలంతా తెల్లగానో పాలవన్నెలోనో ఉండి, పైన మాత్రమే నలుపు ఉంటే అది రంగు పూత. లోపల నల్లని గోడలు, వాటి మధ్య తెల్లని ప్లాస్టిక్ విడిగా కనిపిస్తే అది డబుల్ షాట్. ఊడదీసే వీలు లేకపోతే ఓ, బీ వంటి అక్షరాలను గమనించండి. చవక డబుల్ షాట్ కీక్యాప్‌లలో అక్షరం మధ్యలోని నల్లని ముక్కను బయటి భాగంతో కలిపి ఉంచడానికి సన్నని వంతెన వదులుతారు, అందుకని ఆ అక్షరం గీత ఒకటి రెండు చోట్ల తెగినట్టు ఉంటుంది. ఇంకొక హెచ్చరిక చెప్పాలి. అందంగా ఉన్నాయని కొందరు కీక్యాప్‌లు విడిగా కొనుక్కుంటారు. సిరాను వేడితో లోపలికి ఇంకించిన, పీబీటీ అనే ప్లాస్టిక్‌తో చేసిన కీక్యాప్‌లు గట్టివే, మెరుపు ఎక్కవు కూడా, కానీ వాటి గుండా వెలుతురు రాదు. కీల మధ్య సందులు వెలుగుతాయి, అక్షరాలు చీకట్లోనే ఉండిపోతాయి. రెండో లిపి కోసం అంటించే స్టిక్కర్లూ అంతే, వాటిలో పారదర్శకమైనవి చూసి తీసుకోకపోతే కింద ఉన్న వెలుగును మూసేస్తాయి.

వ్యాఖ్యాత: అంకెల వరుసలో గుర్తులు సరిగా వెలగవని చాలామంది అంటుంటారు.

అతిథి: ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉండే కీబోర్డులను మెకానికల్ అంటారు. ఆ స్విచ్‌లో ఎల్‌ఈడీ నడిమధ్యన ఉండదు, ఒక అంచున ఉంటుంది. అది మనకు దూరంగా ఉన్న పై అంచున ఉంటే కీ పైభాగంలోని గుర్తు బాగా వెలుగుతుంది, కింది భాగంలోనిది మసకబారుతుంది. అందుకే జాగ్రత్తగా రూపొందించిన కీబోర్డుల్లో అంకెనూ దాని గుర్తునూ ఒకదాని కింద ఒకటి కాకుండా పైభాగంలోనే పక్కపక్కన ముద్రిస్తారు. కొన్నింటిలో ఎల్‌ఈడీ మన వైపు అంచున ఉంటుంది. అప్పుడు పైభాగంలోని అక్షరం మందగించడమే కాక, కీ వరుసల సందుల్లోంచి ఆ ఎల్‌ఈడీ నేరుగా కళ్లలో పడే అవకాశం ఉంటుంది. చూడకుండా టైప్ చేయగలిగినవారికి ఎఫ్, జే కీల మీది గీతలే దారి చూపిస్తాయి, అక్షరాల కోసం వారికి వెలుతురు అంతగా అక్కర్లేదు. వారు కిందికి చూసేది అంకెలు, గుర్తులు, పై వరుసలోని ఎఫ్1, ఎఫ్2 వంటి కీల కోసమే. కాబట్టి కీబోర్డును పరీక్షించేటప్పుడు ముందుగా ఆ వరుసలనే చూడండి. ల్యాప్‌టాప్‌లలో, పలుచని కీబోర్డులలో కీల కింద కాంతిని పరిచే ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని చివర్లలో, ముఖ్యంగా స్పేస్ బార్ దగ్గర, వెలుతురు సమంగా ఉందో లేదో చూస్తే చాలు.

వ్యాఖ్యాత: వైర్‌లెస్ కీబోర్డులు కొనవచ్చా?

అతిథి: కొనవచ్చు, కానీ బ్యాటరీలో ఎక్కువ భాగాన్ని తాగేసేది ఈ దీపాలేనని గుర్తుంచుకోవాలి. లాజిటెక్ సంస్థ తన ఎంఎక్స్ కీస్ కీబోర్డుకు దీపాలు వాడితే 10 రోజులు, వాడకపోతే 5 నెలల వరకు ఛార్జింగ్ నిలుస్తుందని చెబుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. అందుకే వైర్‌లెస్ కీబోర్డులు కాసేపు ముట్టుకోకపోతే దీపాలను ఆర్పేస్తాయి. చీకట్లో చదువుతూ కూర్చుని ఒక కీ కోసం చేయి చాపేసరికి ఏదీ కనిపించదు. చేయి దగ్గరకు రాగానే వెలిగించే సెన్సర్ ఉన్నవి ఈ విషయంలో నయం. సెన్సర్ లేని కీబోర్డును నిద్ర లేపడానికి షిఫ్ట్ కీ నొక్కడం అలవాటు చేసుకోండి, తెర మీద అనవసరమైన అక్షరం పడదు. దీపాలు ఆరే వ్యవధిని మార్చుకునే వీలుందా అన్నది కూడా కొనేముందే అడిగి తెలుసుకోవాలి. రాత్రిపూట ఒకేచోట కూర్చుని పనిచేసేవారికైతే వైరు ఉన్న కీబోర్డే నా సలహా.

వ్యాఖ్యాత: దుకాణాల్లో ఎప్పుడూ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. అక్కడ దీన్నంతా పరీక్షించడం కుదురుతుందా?

అతిథి: రెండు అరచేతులను దోసిలిలా వంచి నాలుగైదు కీల మీద బోర్లించి, వేళ్ల సందులోంచి లోపలికి చూడండి. కాంతిని కింది మెట్టుకు దించి అలా చూస్తే, రాత్రి ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది. అప్పుడే ఇంకొక పని కూడా చేయండి. చాలా కీబోర్డుల్లో కాంతిని తగ్గించడమంటే ఎల్‌ఈడీని చాలా వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉండటమే. ఆ వేగం చాలకపోతే కొందరికి తలనొప్పి వస్తుంది. ఫోన్ కెమెరాలో చూసినప్పుడు కీల మీద నల్లని చారలు పాకుతున్నట్టు కనిపించినా, చూపును కీబోర్డ్ మీదుగా వేగంగా తిప్పినప్పుడు అక్షరాలు చుక్కచుక్కలుగా విడిపోయినా, ఆ కీబోర్డును పక్కన పెట్టేయడం మంచిది. పక్కన నిద్రపోయేవారు ఉంటే శబ్దం తక్కువ చేసే స్విచ్‌లు ఎంచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

వ్యాఖ్యాత: కొత్త కీబోర్డ్ కొనకుండా గడుపుకునే మార్గం ఉందా?

అతిథి: ఉందండీ. మానిటర్ పై అంచున బిగించి, తెర మీద పడకుండా బల్ల మీదికి మాత్రమే వెలుతురు వేసే సన్నని దీపాలు ఉన్నాయి. కాంతిని బాగా తగ్గించగలిగిన దీపమైతే కీబోర్డుతో పాటు పక్కన ఉన్న కాగితం కూడా కనిపిస్తుంది. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో తెర పై అంచు నుంచి కీల మీదికి వెలుతురు వేసే థింక్‌లైట్ అనే చిన్న దీపం చాలా ఏళ్లపాటు ఉండేది, అదీ ఇదే ఆలోచన. గదిలో ఇంకెవరూ లేనివారు, ఉన్న కీబోర్డుతో తృప్తిగా ఉన్నవారు ముందు దీన్ని ప్రయత్నించి చూడవచ్చు.

వ్యాఖ్యాత: కొనేశాక చేసుకోవలసిన సర్దుబాట్లు ఏమైనా ఉన్నాయా?

అతిథి: కాంతినీ రంగునూ ఒకసారి సరిచేసుకుని, వాటిని కీబోర్డులోని మెమరీలోనే భద్రపరచండి. అలా భద్రపరచలేని కీబోర్డ్ అయితే, వేరే కంప్యూటర్‌కు తగిలించగానే మళ్లీ పూర్తి కాంతితో, రంగులన్నీ కదులుతూ వెలుగుతుంది. ఎఫ్‌ఎన్ కీతో కాంతిని తగ్గించే కీలు ఏవో వేళ్లకు గుర్తుండేలా చేసుకోండి. ఇక చాలామంది పట్టించుకోనిది క్యాప్స్ లాక్ దీపం. అక్షరాల కాంతిని ఎంత తగ్గించినా కొన్ని కీబోర్డుల్లో ఆ ఒక్క దీపం తగ్గదు, సరిగ్గా ఎడమచేతి పక్కనే సూదిలా మెరుస్తూ ఉంటుంది. దాని మీద చిన్న నల్ల టేపు ముక్కను ఒక పొరగా అంటించండి. అప్పటికీ ఎక్కువ అనిపిస్తే రెండో పొర వేయండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ.

అతిథి: ధన్యవాదాలు.