లారీకి హాల్టింగ్ ఉంది, హమాలీకి లేదు

వేదికపైనున్న పెద్దలకు, హమాలీ ముఠా సోదరులకు మేడే శుభాకాంక్షలు. నన్ను షికాగో చరిత్ర చెప్పమన్నారు. అది ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు కనుక, గోడౌన్ గుమాస్తాగా పనిచేసినవాడిగా నేను రేకుల కప్పు కింది వేడి గురించి మాట్లాడతాను.

ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలైన 2015 మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి మా దగ్గర ధాన్యం లారీ దిగుమతి జరుగుతోంది. పనిలో చేరి రెండో రోజైన ఒక కుర్రవాడు, చెయ్యెత్తితే రేకు తగిలే పైవరుసలో బస్తాలు సర్దుతూ, ఉన్నట్టుండి పొంతన లేని మాటలు మొదలుపెట్టాడు. తాగి వచ్చాడనుకుని అందరం నవ్వాం. నేనూ నవ్వాను. దింపి చూస్తే ఒళ్లు పెనంలా కాలుతోంది. నీళ్ల కోసం గోడకున్న ఎర్ర బకెట్లు అందుకుంటే వాటినిండా ఇసుక. చివరికి లారీ డ్రైవరు డబ్బాలోని నీళ్లతో గోనెలు తడిపి కప్పాం, బతికాడు. ఆ సమయంలో నా చేతిలో తేమ రిజిస్టరు ఉంది. ధాన్యంలో తేమ 17 శాతం మించితే దిగుమతి ఆపే అధికారం నాకుండేది, మనిషి మాట తడబడితే ఆపే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

చెమట పడుతున్నా వడదెబ్బ తగలవచ్చు. మాట తడబడటం పెద్ద గుర్తు, దయచేసి నవ్వకండి. కాలిన రేకు వేడిని కిందికి చిమ్ముతుంది, వేడిగాలి పైకి చేరుతుంది, అందువల్ల ఆఫీసు గదిలోని థర్మామీటరు అంకె పైవరుసలో ఉన్నవాడికి వర్తించదు. కొత్తవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకింత పెంచాలి. పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసుడు నీళ్లు తాగించాలి.

ఇవన్నీ మేస్త్రులకు తెలియవని కాదు. బస్తాకింత అని కూలి కట్టేచోట, నీడన కూర్చున్న పది నిమిషాలు ఎవరి జేబులోంచి పోతాయి? 2025లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పు మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ప్రకటించింది. మంచిదే, కానీ అది పోయాక వచ్చే డబ్బు. లారీ ఆగితే దాని యజమాని హాల్టింగ్, అంటే ఆగిన సమయానికి డబ్బు, అడిగి పుచ్చుకుంటాడు. వెనక వరుసలోని మేస్త్రులారా, ఈసారి రేట్ల చర్చకు వెళ్లేముందు థర్మామీటరును పైవరుస బస్తా మీద పెట్టి, మధ్యాహ్నం అంకెలు వారం రోజులు రాసుకోండి. ఆ కాగితం ముందుపెట్టి, ఎండకు ఆగిన గంటకూ హాల్టింగ్ అడగండి.